ఈతకొలను నీటిని ఇమ్మర్షన్ రాడ్‌తో వేడి చేయవచ్చా?

ప్రశ్న: మా ఇంటి ఈతకొలనులో 20 ఘనమీటర్ల నీరు ఉంటుంది. 2 కిలోవాట్ల ఇమ్మర్షన్ రాడ్‌ను ప్లాస్టిక్ గొట్టంలో బిగించి, పంపు నీటిని దాని గుండా పంపితే ప్రమాదమా? పిల్లలు దిగే కొలను కనుక ముందే అడుగుతున్నాను.

మొదటి జవాబు: దయచేసి ఆ ప్రయత్నం మానుకోండి. రాడ్ తొడుగు తుప్పుపట్టి చిల్లు పడితే విద్యుత్తు నేరుగా నీటిలోకి చేరుతుంది. తడిసిన చర్మానికి నిరోధం బాగా తగ్గిపోతుంది కనుక, కొన్ని పదుల మిల్లీఆంపియర్ల ప్రవాహమే ప్రాణాంతకం కావచ్చు. పంపు ఆగిపోతే గొట్టం కరిగే ప్రమాదమూ ఉంది.

రెండో జవాబు: లెక్క కూడా కుదరదు. ఘనమీటరు నీటిని 1 డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1.16 యూనిట్లు పడతాయి; మీ కొలనుకు 5 డిగ్రీలు పెంచాలంటే 116 యూనిట్లు, అంటే వేడి ఏమాత్రం నష్టపోకపోయినా 58 గంటలు.

ప్రశ్న అడిగినవారు: 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) అమర్చినా సరిపోదా?

మొదటి జవాబుదారు: అది తప్పనిసరే, కానీ అసురక్షితమైన హీటర్‌ను సురక్షితం చేయదు. ముందు కొలనుపై కవర్ పరచండి, ఎందుకంటే వేడి ఎక్కువగా ఆవిరితోనే పోతుంది. అదీ చాలకపోతే, కొలనుల కోసమే తయారైన హీట్ పంపును (బయటి గాలిలోని వేడిని నీటికి చేర్చే యంత్రాన్ని) అర్హుడైన ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్‌తో సహా పెట్టించండి.