క్యాస్ (వెస్ట్ వర్జీనియా) ఆవిరి రైలు: విటేకర్ దాకా చాలా, బాల్డ్ నాబ్ దాకా వెళ్ళాలా?

ప్రశ్న:
అక్టోబర్‌లో అమ్మానాన్నలతో క్యాస్ వెళ్ళాలని ఉంది. వాళ్ళు ఎక్కువసేపు కూర్చోలేరు. ఏ రైలు ఎక్కాలి? ఊళ్ళో చూడ్డానికి ఇంకేమన్నా ఉందా?

జవాబు 1:
పెద్దవాళ్ళుంటే దారిమధ్య స్టేషన్ విటేకరే నయమండి. రానుపోను 8 మైళ్ళు, రెండు గంటల్లో వచ్చేస్తారు. కొండకొస బాల్డ్ నాబ్ దాకా అయితే 22 మైళ్ళు, నాలుగున్నర గంటలు. పైగా విటేకర్‌లో పాత కూలీల క్యాంపు, దుంగల్ని వైరు తాళ్ళతో లాగే లిడ్జర్‌వుడ్ యంత్రం ఉన్నాయి. కలప కథ అక్కడే ఎక్కువ తెలుస్తుంది. బోగీలు ఒకప్పుడు దుంగలు మోసినవే, చెక్క బల్లలు. దిండు మర్చిపోవద్దు.

జవాబు 2:
బయల్దేరేముందు ఇంజన్ కుడి పక్కకు వెళ్ళి నిలబడండి. అది షే ఇంజన్. సిలిండర్లు మూడూ కుడివైపే నిలువుగా ఉంటాయి, బరువు సరితూగాలని బాయిలర్‌ను ఎడమకు జరిపారు. కింద పొడుగ్గా తిరిగే ఇరుసు పళ్ళచక్రాలతో అన్ని చక్రాలనూ తిప్పుతుంది. అందుకే ఒక్కోచోట వంద అడుగులకు 11 అడుగులు లేచే ఎత్తు కూడా జారకుండా ఎక్కేస్తుంది. మామూలు ఇంజన్ అక్కడ చక్రాలు గిర్రున తిప్పుకుంటూ నిలబడిపోతుంది.

ఇంజన్ మామూలుగా వెనకనుంచి నెడుతుంది. రెండు స్విచ్‌బ్యాక్‌ల (రైలు ఆగి, వెనక్కి దిశ మార్చి ఎక్కే జిగ్‌జాగ్ మలుపుల) మధ్య మాత్రం దిశ మారి అదే ముందుకొస్తుంది, అప్పుడు బొగ్గు నలుసులు మీ మీదకే. కళ్ళజోడు పెట్టుకోండి, తెల్లబట్టలు వద్దు. ఇంజన్ పక్క బోగీలో మోత కూడా ఎక్కువ.

జవాబు 3:
బాల్డ్ నాబ్ వెళ్తే స్వెట్టర్లు తప్పనిసరి. శిఖరం 4,842 అడుగులు, ఊరికంటే దాదాపు 2,400 అడుగులు పైన. కిందికంటే ఎనిమిది, పది ఫారెన్‌హైట్ డిగ్రీలు తక్కువుంటుంది, గాలి వేరే.

ఫోన్‌ను నమ్ముకోకండి. గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్ దగ్గర్లోనే ఉంది, 1958 నుంచీ ఇదంతా రేడియో నిశ్శబ్ద మండలం, అంటే రేడియో ప్రసారాలపై ఆంక్షలున్న ప్రాంతం, సిగ్నల్ దొరకడం కష్టం. మ్యాపూ టికెట్టూ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పెట్రోలు ముందే నింపుకోండి.

ఊరంటారా, 1901లో కాగితం కంపెనీ కట్టించింది. స్ప్రూస్ చెట్లు కొట్టి కాగితం గుజ్జు కోసం వర్జీనియాలోని కోవింగ్టన్ పంపేవారు. 1960లో మిల్లు మూసేశారు. కంపెనీ కూలీల తెల్ల ఇళ్ళు ఇప్పుడు అద్దెకిస్తారు. అక్టోబర్ ఆకుల రంగులకి జనం విరగబడతారు కాబట్టి ఇల్లు ముందు ఖాయం చేసుకుని, ఆ తేదీకే రైలు టికెట్ కొనండి. రివర్స్‌లో చేస్తే రాత్రిళ్ళు కొండదారిలో లేళ్ళ మధ్య డ్రైవింగే!