నగర ట్రాఫిక్‌కు నెక్సాన్ నప్పుతుందా, బ్రెజా నప్పుతుందా?

అందరికీ నమస్కారం. నేను రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి వెళ్లి వస్తాను. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. బాగా వంగి ఎక్కాల్సిన చిన్న కార్లు ఇక కుదరవు. అందుకే నాలుగు మీటర్లలోపు పొడవుండే ఎస్‌యూవీ చూస్తున్నాను, టాటా నెక్సాన్, మారుతి బ్రెజాల మధ్య తేల్చుకోలేకపోతున్నాను. పెట్రోల్, ఆటోమేటిక్ ఖాయం.

నెక్సాన్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కార్లను ఢీకొట్టించి చేసే భద్రతా పరీక్షల్లో 5 స్టార్లు వచ్చాయి. నా మనసు అటే లాగుతోంది. కానీ అందులో ఉన్నది మూడు సిలిండర్ల 1.2 లీటర్ టర్బో ఇంజిన్, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. హైటెక్ సిటీ దగ్గర సాయంత్రం అడుగడుగునా ఆగుతూ పాకే ట్రాఫిక్‌లో ఆ క్లచ్‌లు వేడెక్కుతాయా? కుదుపులు తెలుస్తాయా? బ్రెజాలో నాలుగు సిలిండర్ల 1.5 లీటర్ ఇంజిన్, టార్క్ కన్వర్టర్ (మామూలు క్లచ్ బదులు ద్రవం ద్వారా ఇంజిన్ శక్తిని అందించేది) గేర్‌బాక్స్. నిదానపు నడకకు ఇదే మేలనిపిస్తోంది, భద్రత విషయంలోనే వెనకాడుతున్నాను.

టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీదే అయింది కాబట్టి ఏమీ తేలలేదు. వీటిని నగరంలో కొన్నేళ్లుగా వాడుతున్నవారు దయచేసి చెప్పండి: వెనుక సీటులో పెద్దవాళ్లకు ఎక్కడం, దిగడం సులువేనా? ఎండాకాలం ఏసీ వేసుకుని రద్దీలో నడిపితే లీటరుకు నిజంగా ఎన్ని కిలోమీటర్లు వస్తోంది?