సీసం బ్యాటరీ ఎగరేసుకుపోయాడు, లిథియం ప్యాక్ ముట్టుకోలేదు. ఇదేం పర్యావరణం?

కేఆర్‌పురం_కుర్రాడు:
మొన్న ఆదివారం ఇంట్లో పాత సామాన్లు తీసేస్తుంటే ఇన్వర్టర్ బ్యాటరీని గుజరీ ఆయన బేరం కూడా ఆడకుండా తూకం వేసి డబ్బులు చేతిలో పెట్టాడు. పక్కనే నా స్కూటర్ పాత లిథియం ప్యాక్ ఉంది (బయట మెకానిక్ దగ్గర కొత్తది వేయించా). అది చూపిస్తే రెండడుగులు వెనక్కి వేసి "బేడ సార్, బెంకి" (కన్నడంలో వద్దు సార్, నిప్పు అని) అన్నాడు. ప్యాక్ లోపలి సెల్స్ చైనావి, చార్జింగ్ చాలావరకు బొగ్గు కరెంటుతో, చివర్లో తుక్కువాడికీ వద్దు. ఇక్కడ ఫ్యాక్టరీలు పెడితే ఏం మారుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి, తిట్టుకోకుండా.

డ్రైరూమ్_బాబు:
సెల్ తయారీలో మూడేళ్ళు చేశా. మన దగ్గర బ్యాటరీ ఫ్యాక్టరీ అని బోర్డు పెట్టినవాటిలో చాలావరకు ప్యాక్ కట్టే షెడ్లే, సెల్స్ డబ్బాల్లో దిగుతాయి, వీళ్ళు వెల్డింగ్ చేసి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు) తగిలించి పెట్టెలో బిగిస్తారు. సెల్ చేయడం వేరే కథ. ఎలక్ట్రోడ్ పూత ఆరబెట్టే ఓవెన్లు, తర్వాత డ్రై రూమ్. అక్కడ డ్యూ పాయింట్ మైనస్ 40 డిగ్రీల దగ్గర ఉండాలి, అంటే గాలిలో తేమ దాదాపు ఉండకూడదు, మనిషి ఊపిరిలో తేమ కూడా ఎక్కువే, అందుకని ఒకేసారి ఎంతమంది లోపలికి పోవాలో లెక్కుంటుంది. షిఫ్ట్ అయ్యేసరికి నా పెదాలు పగిలిపోయేవి. కరెంటు బాగా తినేవి ఈ రెండే. అది బొగ్గు కరెంటైతే మీ స్కూటర్ కాలుష్యపు అప్పుతో పుట్టినట్టే, ఏళ్ళ తరబడి తిరిగి తీర్చాలి. రెండేళ్ళకే ప్యాక్ పోతే ఇంకేం తీరుతుంది.

హిందూపురం_పిల్ల:
బాబు గారూ, స్కూటర్లు పక్కన పెట్టండి. మా ఊరికి దగ్గర్లోనే పావగడ సోలార్ పార్కు, 2,050 మెగావాట్లు. మధ్యాహ్నం కరెంటు బోలెడు, ఏడింటికి సున్నా, మనం ఏసీలు వేసేది అప్పుడే. దాన్ని రాత్రికి దాచాలంటే బ్యాటరీలైనా, పంప్డ్ స్టోరేజైనా (నీళ్ళు పైకి తోడి పెట్టుకుని, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం) కావాలి కదా. 2021లో కేంద్రం 18,100 కోట్లతో 50 గిగావాట్ అవర్ల సెల్ తయారీకి పీఎల్ఐ (తయారుచేసి అమ్మినదాన్ని బట్టి ఇచ్చే ప్రోత్సాహకం) తెచ్చింది, ఆ లెక్కకు ఇంకా ఆమడ దూరంలోనే ఉన్నాం.

తుక్కు_సూరి:
గుజరీ ఆయన తప్పేం లేదు తమ్ముడూ. సీసం కరిగిస్తే సీసమే, వెంటనే డబ్బు. (పెరట్లో కరిగించి ఆ పొగ పిల్లలకు పట్టించేవాళ్ళ గురించి మొదలుపెడితే తెల్లారుతుంది.) లిథియం ప్యాకుల్లో రకాలుంటాయి, నీ ప్యాక్ ఎన్ఎంసీనా, ఎల్ఎఫ్‌పీనా చూడు. ఎన్ఎంసీలో నికెల్, కోబాల్ట్ ఉంటాయి, రీసైక్లింగ్ వాళ్ళకు గిట్టుబాటు. ఎల్ఎఫ్‌పీలో ఇనుము, ఫాస్ఫేటు. కాంగో గనుల్లో పిల్లలతో కోబాల్ట్ తవ్విస్తారనే గోల లేదు, అంటుకునే భయమూ తక్కువ, కానీ తుక్కుగా ధర పలకదు. మంచిదానికే గిరాకీ లేదు, విచిత్రం చూడు. 2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం పాతవి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసి అమ్మిన కంపెనీలదే, వాళ్ళకు మెయిల్ పెట్టు. గుజరీకి మాత్రం బతిమాలి ఇవ్వకు, సుత్తితో కొట్టాడంటే నిజంగానే బెంకి.

కేఆర్‌పురం_కుర్రాడు:
స్టిక్కర్ మీద ఎన్ఎంసీ అనే ఉంది అన్నా. షోరూమ్‌కి ఫోన్ చేస్తే "తెచ్చివ్వండి సార్, డబ్బులు మాత్రం రావు" అన్నారు. పదకొండు కిలోలు, బస్సెక్కించలేను. ప్రస్తుతానికి బాల్కనీలో ఇటుకల మీద పెట్టా, మా ఆవిడ దానివైపు ఓసారి, నావైపు ఓసారి చూస్తోంది.