ఫిబ్రవరిలో వైనరీలు చూసి రావాలని ఉంది, అనంతపురం నుంచి రూటు చెప్పండి

గార్లదిన్నె రైతు:
మాది అనంతపురం పక్కన గార్లదిన్నె. చీనీ తోట, దాంతో పాటు కొంచెం ద్రాక్ష పందిరి ఉంది. ఏళ్లుగా థామ్సన్ సీడ్‌లెస్ (గింజ లేని తినే ద్రాక్ష) పండించి వ్యాపారికి తోలుతున్నాను. వైన్ ద్రాక్ష తోట మాత్రం ఇంతవరకు చూడలేదు. మన దేశంలో అది పండే ప్రాంతాలన్నీ ఒక్కసారి తిరిగి రావాలని గట్టిగా అనుకుంటున్నా. నంది కొండలు, హంపి వైపు, సోలాపూర్ జిల్లా అక్లూజ్, నాసిక్ అని పేర్లు రాసుకున్నాను.

కొమ్మలు ఎట్లా కడుతున్నారు, ఏ వేరు మీద అంటు కట్టారు, కాయ ఎప్పుడు కోస్తారు, కోసిన కాయ వైనరీ లోపలికి పోయాక వైన్ ఎట్లా చేస్తారు, ఇవన్నీ దగ్గరుండి చూడాలి. మా ఆవిడ కూడా వస్తుంది. ఆమె తాగదు. ఊరికే కూర్చోబెట్టి విసిగించినట్టు కాకూడదు. తోటను వారం మించి వదల్లేను. ఏ వరుసలో పోవాలి, ఏది వదిలేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

కడపోడు పుణెలో:
అన్నా, నాలుగూ ఒకే ట్రిప్పులో పెట్టుకోవద్దు. రోడ్ల మీదే వారం గడిచిపోతుంది. నాసిక్‌కు నాలుగు రోజులు ఇవ్వండి. నంది కొండలు మీకు దగ్గరే కాబట్టి అది విడిగా చూసుకోవచ్చు.

ఫిబ్రవరి అనుకోవడం మంచిదైంది. అక్కడ కూడా మనలాగే ఏప్రిల్‌లో ఒక కొమ్మల కత్తిరింపు, వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకొకటి. కాయ మీద వాన పడితే బూజు తెగులు పట్టుకుంటుందని పంటను చలికాలంలోకి తెచ్చుకుంటారు. కోత జనవరి నుంచి మార్చి దాకా నడుస్తుంది. జూలైలో పోతే పచ్చటి ఆకు బాగానే ఉంటుంది, గెల మాత్రం కనపడదు.

వెళ్లగానే మీ కంట పడేది పందిరి లేకపోవడం. వరుసగా తీగలు లాగి కొమ్మల్ని నిలువుగా పైకి కడతారు, గెలలు కింద ఒకే ఎత్తులో వేలాడతాయి. షిరాజ్ అనే ఎర్ర వైన్ రకం కాయ పెద్ద శనగ గింజ కన్నా కాస్త పెద్దది, అంతే. మనం జిబ్బరిలిక్ ఆమ్లంలో ముంచి కాయ ఊరేట్టు చేస్తాం, వాళ్లు చిన్న కాయనే కోరుకుంటారు. ఎర్ర వైన్‌కు రంగూ, వగరూ తోలు నుంచే వస్తాయి మరి. తోటలో ఉన్నవాళ్లను అడిగి ఒక కాయ తినండి. తోలు మందంగా ఉంటుంది, లోపల గింజలు ఉంటాయి. గింజను కొరికి చూడండి. పచ్చిగా, చేదుగా ఉంటే ఇంకా ఆగాలి. గోధుమరంగులోకి తిరిగి పటుక్కున విరిగితే కోతకు దగ్గరపడ్డట్టు. కాయలో తీపి కొలిచే బ్రిక్స్ మీటరు పెట్టి చూస్తే, తినే ద్రాక్ష 18 దగ్గర కోస్తాం గదా, ఎర్ర వైన్‌కు 22, 24 దాకా ఆగుతారు. ఆ చక్కెరే తర్వాత ఆల్కహాల్ అవుతుంది. బుడగల వైన్‌కైతే పులుపు తగ్గకముందే, త్వరగా కోసేస్తారు.

నాసిక్‌లో గంగాపూర్ డ్యామ్ వైపు సూలా, సోమ, యార్క్ వైనరీలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. 2000లో సూలా మొదటి వైన్ వచ్చింది, 2001లో మహారాష్ట్ర ద్రాక్ష వైన్ కోసం ప్రత్యేక విధానం తెచ్చింది. ఆ తర్వాతే ఆ ప్రాంతం ఇంతగా పెరిగింది. సూలాకు మాత్రం శని, ఆదివారాల్లో పోవద్దు. ముంబై, పుణె జనమంతా అక్కడే ఉంటారు, మీరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. మంగళవారమో బుధవారమో పొద్దున్నే పోండి. చిన్న వైనరీలకు రెండు రోజుల ముందే ఫోన్ చేసి రైతునని చెప్పండి. మామూలు టూర్లో చూపించనివి కూడా చూపిస్తారు.

వీలైతే పుణె దగ్గర మాంజరిలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా చూడండి. ఉప్పు నీళ్లను, ఎద్దడిని తట్టుకునే డాగ్‌రిడ్జ్ లాంటి వేరు మొక్కల (అంటు కట్టడానికి వాడేవి) సంగతి అక్కడ వివరంగా తెలుస్తుంది. మన బోర్ల నీళ్లు తెలిసిందేగా.

హిందూపురం మూర్తి:
నంది కొండలకు మీరు కార్లో పొద్దున పోయి రాత్రికి వచ్చేయొచ్చు. హిందూపురం, గౌరీబిదనూరు మీదుగా దొడ్డబళ్ళాపురం. గ్రోవర్ వాళ్ల వైనరీ అక్కడే, 1988 నుంచి ఉంది. టూర్‌కు ముందే బుక్ చేసుకోవాలి. రుచి చూసినవాళ్లు స్టీరింగ్ ముట్టుకోకూడదు, డ్రైవర్‌ను పెట్టుకోండి. రుచికి నాలుగైదు రకాలు కొంచెం కొంచెం పోస్తారు, తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత. అన్నీ మింగనక్కర్లేదు, ఉమ్మడానికి పాత్ర అడగండి, ఎవరూ తప్పు పట్టరు.

దారిలో చిక్కబళ్ళాపురం వైపు బెంగళూరు బ్లూ రకం ద్రాక్ష తోటలు కూడా కనిపిస్తాయి. హంపి వైపు కొప్పళ జిల్లాలో ఉన్న క్రిస్మా వైనరీ మన తెలుగువాళ్లదే, చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది. అనుమతి తీసుకోకుండా అంతదూరం పోకండి.

ఇంకో మాట. చూసొచ్చిన ఊపులో వైన్ రకాలు నాటేయకండి సార్. తినే కాయకు అనంతపురంలో కాకపోతే బెంగళూరులో కొనేవాడు ఉంటాడు. వైన్ కాయకు వైనరీ తప్ప వేరే గిరాకీ లేదు. ముందు రాతపూర్వక ఒప్పందం ఉండాల్సిందే.

ఆదోని సుజాత:
అన్నా, వదిన సంగతి నేను చెప్తా. కర్ణాటక ఎక్స్‌ప్రెస్ రాత్రి అనంతపురంలో ఎక్కండి. మరుసటి రోజు కోపర్‌గాం వస్తుంది, అక్కడ దిగితే షిరిడీ పక్కనే. దర్శనం చేసుకుని నాసిక్‌కు కార్లో పోవచ్చు. నాసిక్ నుంచి త్రయంబకేశ్వరం గంట ప్రయాణం. మన గోదావరి పుట్టేది అక్కడే. గంగాపూర్ డ్యామ్ కూడా గోదావరి మీదిదే, సాయంత్రం ఆ నీళ్ల వైపు కూర్చుంటే వదినకు విసుగే రాదు. వైనరీల్లో శాకాహార భోజనం దొరుకుతుంది, ద్రాక్ష రసం కూడా అడిగి చూడండి.

సీసాలు మాత్రం తెచ్చుకోవాలనుకుంటే మన ఎక్సైజ్ నియమాలు ముందే కనుక్కోండి. కర్ణాటక సరిహద్దులో తనిఖీలు గట్టిగా ఉంటాయి. జనవరి 26 డ్రై డే (మద్యం అమ్మని రోజు), ఆ వారం పెట్టుకోకండి.

గార్లదిన్నె రైతు:
అందరికీ చాలా థ్యాంక్స్. షిరిడీ మాట చెప్పగానే మా ఆవిడ సరేనంది, ఇంట్లో టెన్షన్ తీరింది. అక్లూజ్, హంపి ఈసారికి పక్కన పెడుతున్నా. షిరిడీ ఒక రోజు, నాసిక్ నాలుగు రోజులు, తిరుగుదారిలో పుణె, మాంజరి. నంది కొండలు జనవరి చివర్లో, గణతంత్ర దినోత్సవం దాటాక. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి డిసెంబరులోనే టికెట్లు తీస్తాను.

కడప తమ్ముడూ, మాంజరి కేంద్రానికి రైతులు ముందుగా ఉత్తరం రాసుకోవాలా, నేరుగా పోయినా లోపలికి రానిస్తారా? నా బోరు నీటి పరీక్ష రిపోర్టు కూడా పట్టుకొస్తా.