డ్రైపాయింట్ అచ్చుల్లో నలుపు పలచబడుతోంది, సలహా ఇవ్వగలరా?

నమస్కారం. ఇంట్లో రోజూ కళ్లెదుట ఉండే వస్తువులు, వాటితో ముడిపడిన జ్ఞాపకాలే నా ప్రింట్లకు ఆధారం. ఈసారి మా నాన్నగారి కళ్లద్దాలను, విరిగిన కాడకు ఆయన చుట్టుకున్న దారంతో సహా, రాగి రేకు మీద డ్రైపాయింట్‌లో (రేకుపై సూదితో నేరుగా గీసి, సిరా పట్టించి కాగితంపై అచ్చు తీసే పద్ధతి) గీశాను. సూది గీసినచోట పక్కకు లేచే లోహపు అంచు (బర్) సిరాను పట్టి ఉంచడం వల్ల మొదటి నాలుగైదు అచ్చుల్లో దారం నీడ మఖమల్ లాంటి నలుపుతో వచ్చింది. ప్రెస్ ఒత్తిడికీ, ప్రతిసారీ సిరా తుడవడానికీ ఆ అంచు అణగిపోయి, పదో అచ్చుకల్లా దారం సన్నని బూడిదరంగు గీతగా మిగిలింది.

నాకు ఈ రేకు నుంచి 25 అచ్చుల ఎడిషన్ (వరుస సంఖ్యలు వేసిన ప్రతుల సమితి) కావాలి. అమెరికన్ చిత్రకారిణి మేరీ కసాట్ 1890-91లో స్త్రీల దైనందిన జీవితంపై చేసి, ఒక్కొక్కటి 25 అచ్చులుగా తీసిన పది కలర్ ప్రింట్లలోనూ డ్రైపాయింట్ ఉంది కనుక, ఇది మరీ అత్యాశ కాదనుకుంటాను.

రేకుకు విద్యుత్ పద్ధతిలో పలుచని ఇనుప పూత (స్టీల్ ఫేసింగ్) వేయిస్తే బర్ ఎక్కువ అచ్చులకు నిలుస్తుందని తెలుసు. అయితే ఆ పూత తరువాత నలుపులోని మెత్తదనం తగ్గుతుందా? వేయించిన అనుభవం ఉన్నవారు, అంతకుముందు ఎన్ని ప్రూఫులు (పరీక్ష కోసం తీసే అచ్చులు) తీశారో దయచేసి చెప్పగలరా? లేదా, జ్ఞాపకంలాగే అచ్చునూ మసకబారనిచ్చి, ప్రతి ప్రతిలో తేడా ఉంటుందని ముందే చెప్పి వరుస సంఖ్యలు వేస్తే, కొనేవారి పట్ల అది న్యాయమేనా? అరిగిన గీతలను మళ్లీ గీసే ఆలోచన మాత్రం లేదు. వేరే రేకు మీద ప్రయత్నిస్తే దారం కాస్తా తాడైంది.