అప్‌డేట్: చెల్లని ఒప్పందం కింద కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

చెల్లని ఒప్పందం కింద డబ్బు కట్టేస్తే, నేను పొరపాటు పడ్డానని కూడా నిరూపించాలా అని అడిగాను కదా. మీ జవాబులు చదివాక తేలిందేంటంటే, అది ఏ దేశపు చట్టం అన్నదాన్ని బట్టి ఉంటుంది. జర్మన్ సివిల్ కోడ్ 812వ సెక్షన్ చూసేది ఒకటే: ఆ డబ్బు అవతలివాళ్ల దగ్గర ఉండటానికి చట్టపరమైన ఆధారం ఉందా, లేదా? ఒప్పందమే చెల్లకపోతే ఆధారం పోయినట్టే. 814లో మెలిక ఉంది, బాకీ లేదని తెలిసీ కట్టినవాళ్లకు తిరిగి రాదు (నాకైతే న్యాయమే అనిపించింది). ఇంగ్లండ్‌లో పొరపాటో, బలవంతమో, ఏదో ఒక కారణాన్ని డబ్బు వెనక్కి అడిగినవాళ్లే చూపించాలి. కెనడా సుప్రీంకోర్టు 2004లో గార్లండ్ కేసులో రెండు మెట్లు పెట్టింది: ఒప్పందం, చట్టం, బహుమతి లాంటి తెలిసిన ఆధారాలేవీ లేవని ముందు మనం చూపాలి, ఇంకేదైనా ఉంటే ఆ తర్వాత అవతలివాళ్లు చెప్పుకోవాలి. ఇదే నయం, లేనిదాన్ని లేదని అన్ని వైపుల నుంచీ నిరూపించడం ఎవరి తరం?