డిసెంబరిస్ట్స్: కథలు చెప్పే బ్యాండా, డిక్షనరీ బ్యాండా?

కాలవగట్టు (విజయవాడ)
డిసెంబరిస్ట్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ పాటలు వినేవాళ్ళు మన బెజవాడ, గుంటూరు వైపు ఎవరైనా ఉన్నారా? నాకు ఈ బ్యాండ్ పరిచయమై రెండు వారాలే. హాస్టల్లో సీనియర్ ఒకాయన వీళ్ళ 'ది క్రేన్ వైఫ్' ఆల్బం పెట్టాడు, అప్పట్నుంచి ఇంకో పాట ఎక్కట్లేదు. మూడు సందేహాలు. దీని తర్వాత ఏ ఆల్బం వినాలి? ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం, సగం మాటలు తెలియట్లేదు, ముందే చదువుకుని వినాలా లేక అలా వినేయొచ్చా? రెండు వేలలోపు మంచి ఇయర్‌ఫోన్స్ ఏవి? మా రూమ్‌మేట్ అయితే "వీడు పాడట్లేదురా, వకాబులరీ క్లాసు చెబుతున్నాడు" అంటున్నాడు. వాడికి ఏం జవాబు చెప్పాలో తెలియక రెండు రోజులుగా బాధగా ఉంది.

బ్రాడీపేట 4/14 (గుంటూరు)
మీ రూమ్‌మేట్ చెప్పింది నిజం. నేను 2007 నుంచి వింటున్నాను, ఆ హక్కుతోనే అంటున్నాను. ఈ పాటలు రాసి పాడే కాలిన్ మెలోయ్‌కి మంచి ట్యూన్ కట్టడం వచ్చు. కానీ పాతకాలపు ఇంగ్లీషు మాట ఒకటి దొరికితే దాన్ని పాటలో ఇరికించేదాకా ఆయనకి నిద్ర పట్టదు. 2009లో 'ది హజార్డ్స్ ఆఫ్ లవ్' ఆల్బం వచ్చినప్పుడు సీడీ కోసం హైదరాబాద్‌లో ఉన్న మా బాబాయిని నెల రోజులు బతిమాలాను. తీరా విన్నాక ఏ పాట ఎక్కడ అయిపోయిందో, ఏది ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆ డబ్బు గురించి కాదు, అంత ఎదురుచూసినందుకు బాధేసింది. 2011లో 'ది కింగ్ ఈజ్ డెడ్' వచ్చాకే మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. ఆరెగాన్‌లో ఒక పొలం కొట్టంలో కూర్చుని రికార్డు చేశారు. ఆర్.ఇ.ఎం. బ్యాండ్ పీటర్ బక్ గిటార్ వాయించాడు, గిలియన్ వెల్చ్ గొంతు కలిపింది. పది పాటలు, నలభై నిమిషాలు, ఒక్క మాట ఎక్కువ లేదు. అమెరికాలో బిల్‌బోర్డ్ ఆల్బం చార్టులో వీళ్ళు మొదటి స్థానానికి ఎక్కింది దానితోనే. జనం ఊరికే కొనరు.

నైట్ బస్సు
జనం కొన్నారు కాబట్టి గొప్పదా? 'హజార్డ్స్' అర్థం కాకపోవడానికి కారణం దాన్ని విడి పాటలుగా వినడమే. పదిహేడు ట్రాకులూ కలిపి ఒకటే కథ. మార్గరెట్ అనే అమ్మాయి, రూపం మార్చుకోగల విలియమ్ అనే కుర్రాడు, అతన్ని పెంచిన అడవి రాణి, మధ్యలో ఒక దుర్మార్గుడు. నేను ప్రతి శనివారం రాత్రి హైదరాబాద్ నుంచి బెజవాడ వస్తాను. కోదాడ దాటాక మొదలుపెడితే కంచికచర్ల దగ్గరకొచ్చేసరికి అయిపోతుంది. నదిని దాటనిమ్మని విలియమ్ బేరమాడతాడు కదా, ఇప్పుడు దారివ్వు, తిరిగొచ్చేటప్పుడు నా ప్రాణం తీసుకో అని. చివర్లో నది ఆ బాకీ వసూలు చేసుకుంటుంది. ఎన్నిసార్లు విన్నా అక్కడ గొంతు పట్టేస్తుంది. రాణిగా పాడిన షారా వార్డెన్ గొంతు ఎత్తితే బస్సులో ఒళ్ళు జలదరిస్తుంది. ఇది అచ్చంగా మన బుర్రకథ. రాత్రంతా కూర్చుని కథ విన్న జనానికి గంట ఆల్బం ఎక్కువైందా?

ఇద్దరు పాపలమ్మ
ఆ దుర్మార్గుడి పాట గురించి ఒక్కళ్ళూ మాట్లాడరేం? భార్య కాన్పులో చనిపోతే కన్నపిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ ఎలా చంపాడో హుషారుగా డప్పు కొట్టుకుంటూ చెబుతాడు. ఆల్బం రాకముందు విడుదల చేసింది కూడా ఆ పాటనే. నాకు రెండో పాప పుట్టిన నెలకి, పాలిస్తూ, ఏమీ తెలియకుండా పెట్టుకున్నాను. ఆఫ్ చేసేసి చాలాసేపు పాపని గుండెకి హత్తుకుని కూర్చున్నాను. అంతకుముందు ఈ బ్యాండ్ అంటే పిచ్చి నాకు. ఆ తర్వాత ఆల్బం మళ్ళీ ముట్టుకోలేదు.

బ్రాడీపేట 4/14
అది పాట మాత్రమే కదండీ. కథలో విలన్ ఉండడా?

ఇద్దరు పాపలమ్మ
కథలో విలన్ ఉంటాడని నాకు తెలుసు. నేను ఎంఏ ఇంగ్లీషు చదివాను. మీరు బాలింతగా ఉండి విని అప్పుడు చెప్పండి.

నైట్ బస్సు
అక్కా, మీరు ఆఫ్ చేసినందుకు మిమ్మల్ని తప్పు పట్టలేను. ఒక్క సంగతి మాత్రం చెప్పనివ్వండి. చివరికొచ్చేసరికి చనిపోయిన ఆ పిల్లలే దయ్యాలై తిరిగొచ్చి పాడతారు, తండ్రి మీద పగ తీర్చుకుంటారు. ఆ పాట ఒక్కటే వింటే వాడు గెలిచినట్టుంటుంది. కథ వాడిని వదలదు.

డక్కీ మోత (తెనాలి)
బుర్రకథ అన్నవాళ్ళకి బుర్రకథ అంటే తెలుసా? మా తాతయ్య ఇరవై రెండేళ్ళు దళంలో వంత కొట్టాడు. చిన్నప్పుడు ఆయన డక్కీకి నేను దెబ్బ నేర్చుకున్నాను, కాబట్టి ఈ విషయంలో నన్ను ఎదిరించేముందు కొంచెం ఆలోచించండి. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, చేతికి అందెలు. ఒకపక్క హాస్యపు వంత, ఇంకోపక్క రాజకీయపు వంత. కథకుడు ఒక మాట అనగానే వంత "ఆహా, ఎందుకని?" అని అడ్డం పడతాడు. జనం మనసులో ఉన్న ప్రశ్న వాళ్ళ నోట వస్తుంది. అందుకే కూలీ చేసుకునేవాడికి కూడా పలనాటి యుద్ధం అర్థమయ్యేది. పొన్నెకల్లులో పుట్టిన నాజర్ గారు బ్రహ్మనాయుణ్ణి చెబుతుంటే అరటిపండు ఒలిచి పెట్టినట్టు ఉండేదని తాతయ్య అనేవాడు. ఇక్కడ మెలోయ్ ఒక్కడే చెప్పుకుపోతాడు. ఆపి అడిగేవాడు లేడు, అందుకే కాలవగట్టు తమ్ముడికి సగం అర్థం కావట్లేదు. ఇది బుర్రకథ కాదు. మహా అయితే హరికథ.

సత్యనారాయణపురం
"మహా అయితే హరికథ" ఏమిటండీ? మా మేనత్త ముప్పై ఏళ్ళు హరికథ చెప్పింది. ఒక్క మనిషి, చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు, పది పాత్రలు. అడ్డం పడేవాడు లేకపోయినా ముసలమ్మలకి కూడా అర్థమయ్యేలా చెప్పడమే అక్కడి విద్య. మీ తాతగారిని గౌరవిస్తాను, మా అత్తని తక్కువ చేస్తే ఊరుకోను.

డక్కీ మోత
తక్కువ చేయలేదు. మాట జారింది, వెనక్కి తీసుకుంటున్నాను. బుర్రకథ కాదు అన్నది మాత్రం తీసుకోను.

నైట్ బస్సు
మరి వీళ్ళ 'పికరెస్క్' ఆల్బంలో తిమింగలం పాట సంగతేంటి? ఎనిమిది నిమిషాలకు పైనే ఉంటుంది. తల్లిని మోసం చేసి చావుకి కారణమైన వాడిని ఒక కొడుకు ఏళ్ళ తరబడి వెతుకుతాడు. సముద్రం మీద దొరికే సమయానికి తిమింగలం రెండు ఓడల్నీ మింగేస్తుంది. దాని కడుపులో మిగిలింది వాళ్ళిద్దరే. చంపేముందు నువ్వు ఎవరివో, నేను ఎవరినో విను అని కథ మొదలుపెడతాడు. స్టేజి మీద ఆ పాటకి ముందే జనానికి చెప్పి పెడతారు, సైగ చేయగానే తిమింగలం మింగుతున్నట్టు అందరూ అరవాలని. అది వంత కాదా?

డక్కీ మోత
అరుపు వంత కాదు. వంత అంటే ప్రశ్న.

బెంజి సర్కిల్
అరుపు గురించి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కిందటేడు ఇక్కడే ఒక కెఫేలో ఓపెన్ మైక్ రాత్రి మేం ముగ్గురం ఈ పాట వాయించాం. అకార్డియన్ దొరకలేదు, హార్మోనియంతో కానిచ్చాం. నాలుగు నిమిషాలు దాటగానే నిర్వాహకుడు టైమైపోయింది, దిగండి అని చెయ్యి ఊపాడు. మా హార్మోనియం కుర్రాడు ఆపలేదు. నేను తెలుగులో రెండు ముక్కల్లో కథ చెప్పి, చెయ్యి పైకెత్తగానే అరవమన్నాను. ముప్పై నలభై మంది ఉంటారు, బిల్లు కట్టడానికి లేచినవాళ్ళతో సహా అరిచారు. వంటగదిలోంచి కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒక పెద్దావిడ నా దగ్గరకొచ్చి "ఇంతకీ వాడిని చంపాడా లేదా బాబూ?" అని అడిగింది. పాటలో అది చెప్పరు. నా జీవితంలో అంత ఆనందం వేసిన రాత్రి ఇంకోటి లేదు.

డక్కీ మోత
ఆవిడ అడిగిందే, అదీ వంత అంటే.

ఎర్ర అట్ట
నేను ఈ బ్యాండ్ దగ్గరకి వేరే దారిలో వచ్చాను. మా నాన్న విశాలాంధ్రలో కొన్న సోవియట్ పుస్తకాల మధ్య పెరిగాను. 1825 డిసెంబర్‌లో పీటర్స్‌బర్గ్ చౌకులో జారుకి ఎదురు నిలబడిన సైనికాధికారులు డిసెంబ్రిస్టులు. ఐదుగుర్ని ఉరితీశారు, ఎంతోమందిని సైబీరియాకి పంపారు. వాళ్ళ పేరు పెట్టుకున్నారంటే తిరుగుబాటు పాటలు ఉంటాయని ఆశపడి విన్నాను. ఓడలు, దయ్యాలు, రాణులు! మొదట్లో కోపం వచ్చింది. తర్వాత గమనించాను, 'పికరెస్క్'లోనే పదహారు మంది సైనికుల భార్యల గురించి ఒక పాట ఉంది, అది ఇరాక్ యుద్ధం రోజుల్లో రాసింది. కాబట్టి మెలోయ్ కథల చాటున దాక్కున్నాడని తీసిపారేయొద్దు. అయినా ఇంకా ఎక్కువ చేయాల్సిందని నా అభిప్రాయం.

బ్రాడీపేట 4/14
మళ్ళీ రాజకీయాలా. 2018 ఆల్బంలో సింథసైజర్లు పెట్టి చేసిన పని గురించి మాట్లాడండి ఎవరైనా. ఆ శబ్దం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

నైట్ బస్సు
2024లో వచ్చింది విన్నారా? చివరి పాట పంతొమ్మిది నిమిషాలు, జోన్ ఆఫ్ ఆర్క్ మీద. మీకు అదీ ఎక్కువే అనిపిస్తుంది.

బ్రాడీపేట 4/14
విన్నాను. మొదటి సగం చాలా బాగుంది. నన్ను వినని మనిషిలా చూడకండి.

ఆసు గుంజ (మంగళగిరి)
కాలవగట్టు తమ్ముడు 'క్రేన్ వైఫ్' అన్నాడు, ఇంతమందిలో దాని గురించి ఒక్కళ్ళూ రాయలేదు. అది జపాన్ జానపద కథ. పేదవాడు బాణం దెబ్బ తగిలిన కొంగని కాపాడతాడు. అది ఎగిరిపోయాక ఒక ఆడమనిషి వాళ్ళింటికొస్తుంది, పెళ్ళాడతారు. ఆమె గదిలో ఒక్కతే కూర్చుని పట్టు నేస్తుంది, నేసేటప్పుడు చూడొద్దంటుంది. గుడ్డకి మంచి ధర పలికేసరికి ఇంకా నెయ్యమంటాడు. ఒకరోజు తొంగి చూస్తే, కొంగ తన ఈకలు తనే పీక్కుని మగ్గానికి పెడుతూ ఉంటుంది. చూశాడని తెలిసి వెళ్ళిపోతుంది.

మాది గుంట మగ్గం ఉన్న ఇల్లు. నాన్న మగ్గంలో కూర్చునేవాడు. తెల్లారుజామునే లేచి కండెలు చుట్టేది అమ్మ, ఆసు పోసేది అమ్మ, మధ్యలో వంట. మాస్టర్ వీవర్ దగ్గర కూలి లెక్క నాన్న పేరు మీద రాసేవాళ్ళు. నిజాం అంచు చీర బాగా వచ్చిందని ఎవరన్నా మెచ్చుకుంటే అదీ నాన్నకే. అమ్మ కుడి భుజం పైకి లేవని రోజు వచ్చాక గానీ మా ఇంట్లో ఎవరం తొంగి చూడలేదు. ఇప్పుడు నాన్న తనే అంటాడు, "దాని రెక్కలు నేనే పీకాను" అని. ఆయనకి ఈ కథ తెలియదు. నేను చెప్పలేదు.

ఆల్బంలో ఈ కథని మూడు భాగాల పాటగా చేసి, మెలోయ్ మూడో భాగం మొదట పెట్టి, ఒకటి రెండు భాగాలు చివరి పాటకి ముందు పెట్టాడని, కథ తలకిందులు చేశాడని చాలామంది తిడతారు. మూడో భాగంలో ఉన్నది భర్త పశ్చాత్తాపం. మా ఇంట్లో కథ అక్కణ్ణుంచే మొదలవుతుంది. మాటలు తెలియకపోయినా మొదటి పాట ఆ గిటార్‌తోనే నాకు అర్థమైంది. తమ్ముడూ, డిక్షనరీ తర్వాత చూసుకోవచ్చు.

ఇద్దరు పాపలమ్మ
ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఈ రాత్రి 'క్రేన్ వైఫ్' మళ్ళీ పెట్టుకుంటాను. 'హజార్డ్స్' మాత్రం కాదు.

సత్యనారాయణపురం
ఎవరూ జెనీ కాన్లీ గారి పేరు ఎత్తలేదు. అకార్డియన్, ఆర్గన్ వాయించేది ఆవిడే. 2011లో, వీళ్ళ ఆల్బం నంబర్ వన్ అయిన సంవత్సరమే, రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. కొన్ని షోలు మానుకుని, ట్రీట్‌మెంట్ చేయించుకుని, తిరిగొచ్చి మళ్ళీ వాయించారు. మా అత్తకి కీమో జరిగినన్నాళ్ళూ ఆసుపత్రి బెంచీ మీద ఆవిడ అకార్డియన్ వినే కూర్చున్నాను. మెలోయ్ మాటలు ఎక్కువా తక్కువా అని కొట్టుకుంటున్నారు, ఆ మాటల్ని ఎత్తి పట్టుకున్నది ఆవిడ చేతులు.

డక్కీ మోత
తిమింగలం పాట ఇప్పుడే విన్నాను. నిజం చెప్పాలంటే పూర్తిగా వినడం ఇదే మొదటిసారి. బుర్రకథ కాదు, ఆ మాట మీదే ఉన్నాను. కానీ వేగం పెరుగుతున్నప్పుడు నా వేళ్ళు బల్ల మీద దెబ్బ వేస్తూనే ఉన్నాయి. బెంజి సర్కిల్ గారూ, మళ్ళీ ఎక్కడన్నా వాయిస్తే చెప్పండి, డక్కీ తీసుకొస్తాను. మధ్యలో ప్రశ్నలు అడుగుతాను, ఒప్పుకుంటేనే.

బెంజి సర్కిల్
ఒప్పుకోకపోవడమా! ఆదివారం సాయంత్రం బెరం పార్కు దగ్గర కలుద్దాం. స్పీకర్ నేను తెస్తాను.

బ్రాడీపేట 4/14
ఎప్పుడూ బెజవాడేనా? గుంటూరు వాళ్ళకి రాత్రి తిరుగు బస్సు టెన్షన్ ఎవరు పడతారు?

ఆసు గుంజ
మంగళగిరి రండి, ఇద్దరికీ మధ్యలోనే. మా డాబా ఖాళీగానే ఉంటుంది. మొదట పెట్టేది 'క్రేన్ వైఫ్', అమ్మ కూడా వింటానంది.